ఉప్పెనలు - ఊళ్లు : కోరంగి నుండి దివిసీమ వరకు

మనుష్యుడు ఊరు కట్టుకొనునపుడు మూడు సంగతులు చూచుకొనును: త్రాగుటకు మంచినీరు, పంటకు మంచినేల, సరకుల రాకపోకలకు మంచిదారి. ఈ మూడును పుష్కలముగా దొరకు తావులలో నదీ ముఖద్వారములు మొదటివి. అందుచేతనే ప్రపంచమున జనము కిక్కిరిసియున్న ప్రాంతములలో డెల్టాలు ముఖ్యమైనవి. అయితే నది ఒండ్రు తెచ్చి పేర్చిన నేల పల్లపు నేల. ఏటి వరద ఒకవైపు నుండియు, సముద్రపు పోటు మరొకవైపు నుండియు దానిని ముంచుచుండును. అన్నము పెట్టు నేలయు, ఆపద తెచ్చు నేలయు ఒక్కటే అయినచోట మనుష్యుడు ఎక్కడ కాపురముండవలెను? భూమి వేడెక్కి, సముద్రమట్టము హెచ్చుచున్న ఈ కాలమున ఈ ప్రశ్న ప్రపంచమంతట వినిపించుచున్నది. ఆంధ్ర తీరమునకు మాత్రము ఇది క్రొత్తది కాదు. రెండు శతాబ్దులకు పైగా ఈ తీరవాసులు దీనికి తమ ప్రాణములతో సమాధానములు చెప్పుచు వచ్చిరి.

మెరకలు - పల్లములు

సుమారు 6,000 సంవత్సరముల క్రిందట సముద్రమట్టము ఇంచుమించు ఇప్పటి స్థాయికి వచ్చి నిలకడ చెందినది. అప్పటినుండి కృష్ణా గోదావరి నదులు తెచ్చిన ఒండ్రు సముద్రములోనికి చొచ్చుకొనిపోయి డెల్టాలు పెరిగినవి. రెండు డెల్టాలును ముందునకు సాగగా నడుమ మిగిలిన పల్లమే కొల్లేరు. ఒక్కొక్క కాలమున తీరరేఖ ఉన్నచోట అలలును గాలియును ఇసుకను గట్లుగా పేర్చినవి. తీరము ముందునకు జరిగిన కొలది పాత గట్లు లోపల మిగిలిపోయినవి. ఇప్పటి సముద్రమునకు ఎన్నో కిలోమీటర్లు ఎడముగా కూడ ఇట్టి ఇసుకదిబ్బల వరుసలు కనిపించుచున్నవి.

పూర్వపు ఊళ్లు పెక్కు ఈ దిబ్బలమీదనే వెలసినవి. అందుకు రెండు కారణములు కలవు. దిబ్బ చుట్టుప్రక్కల పొలముకంటె ఒకటి రెండు మీటర్లు ఎత్తుగా నుండును. కావున వరదనీరు ఇంటిలోనికి సులభముగా రాదు. రెండవది మంచినీరు. ఇసుకలో ఇంకిన వాననీరు ఉప్పునీటికంటె తేలిక అగుటచే దానిపై పొరగా తేలియుండును. లోతు తక్కువ బావి త్రవ్వినను తియ్యని నీరు పడును. లంక, తిప్ప, దిబ్బ అను మాటలతో ముగియు ఊరిపేర్లు ఈ తీరమున కోకొల్లలు. దివి అను పేరు ద్వీప శబ్దమునుండియే వచ్చినది. తాము నివసించు నేల చుట్టును నీరు గలదనియు, ఎత్తే తమకు రక్షణ అనియు ఆ ఊళ్లకు పేరు పెట్టినవారికి తెలియును.

మోటుపల్లి శాసనము

తీరమునందలి తుఫానుల ప్రస్తావన కాకతీయుల కాలపు శాసనమున కానవచ్చుచున్నది. 1244లో గణపతిదేవ చక్రవర్తి మోటుపల్లి రేవులో ఒక అభయశాసనమును వేయించెను. ఓడలు గాలివానకు చిక్కి ఒడ్డునకు కొట్టుకొని వచ్చినపుడు, అందలి సరకును పూర్వరాజులు బలవంతముగా తీసికొనుచుండెడివారు. గణపతిదేవుడు ఆ ఆచారమును మాన్పి, నిర్ణీతమైన సుంకము తప్ప మరేమియు తీసికొనబోమని వర్తకులకు మాట ఇచ్చెను. తుఫాను నష్టము ఆనాడు రాజ్యవ్యవహారములలో ఎంతటి సాధారణ విషయమో దీనినిబట్టి ఊహింపవచ్చును.

ఈ శాసనము ఓడలకు అభయమిచ్చినది. ఒడ్డున ఉన్న ఊళ్లకు అభయమిచ్చుట శాసనములచేత అగు పని కాదు. అందుకు తుఫాను స్వభావము తెలియవలెను. ఆ తెలివి కలుగుటకు ఇంకను ఆరువందల ఏండ్లు పట్టినది.

కోరంగి కథ

గోదావరి పాయ సముద్రమున కలియుచోటికి చేరువలో నున్న కోరంగి ఒకప్పుడు ఓడల నిర్మాణమునకును, మరమ్మతులకును పేరుపొందిన రేవు. బర్మాకు వలసపోయిన తెలుగువారిని అచ్చటివారు 'కోరంగీలు' అని పిలుచుటయే ఆ రేవు ప్రసిద్ధికి సాక్ష్యము. 1789 డిసెంబరులో ఒక తుఫానుతో పాటు సముద్రము మూడు మహాతరంగములుగా ఊరిపైకి వచ్చెను. ఓడలు పొలములలోనికి కొట్టుకొనిపోయినవి. సుమారు 20,000 మంది మరణించిరని ఆనాటి లెక్క. అయినను రేవు రేవే గనుక, అదే తావున ఊరు మరల లేచినది. యాబది సంవత్సరములకు, 1839 నవంబరు 25న, మరొక ఉప్పెన వచ్చి దానిని నేలమట్టము చేసినది. నదీముఖము ఒండ్రుతో పూడిపోవుట కూడ తోడై కోరంగి మరి కోలుకొనలేదు. వర్తకము కాకినాడకు తరలినది. నేడు కోరంగి మడ అడవులకు ప్రసిద్ధమైన ఒక చిన్న ఊరు.

1839 నాటి కోరంగి తుఫానును శ్రద్ధగా పరిశోధించినవాడు కలకత్తాలోని హెన్రీ పిడింగ్టను. తుఫానుకు చిక్కిన ఓడల దినచర్య పుస్తకములను సేకరించి, ఏ ఓడకు ఏ వేళ ఏ దిక్కునుండి గాలి వీచెనో పటముపై గుర్తించి చూచెను. గాలి సుడిగా తిరుగుచున్నదని తేలినది. పాము చుట్టను తలపించు గ్రీకు మాటను ఆధారముగా గైకొని అట్టి తుఫానునకు 'సైక్లోన్' అను పేరు పెట్టినవాడు ఆయనయే. 1848లో ఆయన రచించిన నావికుల గ్రంథము ద్వారా ఈ పేరు లోకమంతట వ్యాపించినది.

పిడింగ్టను నావికులకు బోధించుటతో ఆగలేదు. కలకత్తా రేవునకు ప్రత్యామ్నాయముగా ఆ నగరమునకు ఆగ్నేయమున మాట్లా నది ఒడ్డున క్రొత్త రేవు కట్టవలెనని ఆనాటి ప్రభుత్వము తలపెట్టినపుడు, 1853లో గవర్నరు జనరలునకు బహిరంగలేఖ వ్రాసెను. తుఫానుతో వచ్చు ఉప్పెన ఆ స్థలమును ముంచగలదు గనుక అచ్చట పట్టణము కట్టరాదని అందలి సారాంశము. ఆయన మాటను లక్ష్యపెట్టినవారు లేరు. కానింగు రేవు అను పేర పట్టణము లేచినది. 1867 నవంబరులో తుఫాను వచ్చి సుమారు ఆరడుగుల ఎత్తు నీటితో దానిని పాడుచేసెను. 1872 నాటికి రేవు మూతపడినది. పిడింగ్టను 1858లోనే మరణించుటచే తన జోస్యము ఫలించుటను చూడలేదు. స్థలనిర్ణయమున శాస్త్రమును సంప్రదించుమని ఈ దేశమున వినవచ్చిన తొలి హెచ్చరికలలో ఆ లేఖ ఒకటి.

బందరు : 1864

ఆ నడుమ బందరు వంతు వచ్చెను. 1864 నవంబరు 1వ తేదీ రాత్రి సుమారు 13 అడుగుల ఉప్పెన మచిలీపట్నమును ముంచివైచినది. మృతులు 30,000 అని ప్రభుత్వ గ్రంథములు చెప్పుచున్నవి. అంతకు నెలరోజుల లోపుననే, అక్టోబరు 5న, కలకత్తాను మరొక తుఫాను కొట్టి సుమారు 60,000 మందిని పొట్టపెట్టుకొన్నది. ఒక్క సంవత్సరమున రెండు రేవు పట్టణములకు కలిగిన ఈ విపత్తులు ప్రభుత్వమును కదల్చినవి. తరువాత 1866లోను, 1871లోను వర్షములు సరిగా కురియకపోవుట కూడ చేరి, 1875లో భారత వాతావరణ శాఖ స్థాపనకు దారితీసినది. హెచ్. ఎఫ్. బ్లాన్‌ఫర్డ్ దానికి మొదటి అధిపతి.

బందరును మాత్రము జనము విడిచిపోలేదు. పోవుటకు కారణము కంటె ఉండుటకు కారణమే బలముగా నుండెను. 1852లో ధవళేశ్వరము ఆనకట్టయు, 1855లో బెజవాడ ఆనకట్టయు పూర్తి అయినవి. కాలువలు పారినకొలది పల్లపు భూములు మాగాణులైనవి. కూలికొరకును, సాగుకొరకును, చేపలవేటకును జనము తీరమువైపునకే సాగిరి. దిబ్బలు నిండిపోగా గుడిసెలు పల్లములోనికి దిగినవి.

ఉప్పెన ఎట్లు పుట్టును?

ఇచ్చట ఉప్పెన స్వభావమును తెలిసికొనుట అవసరము. తుఫాను కేంద్రమున గాలి పీడనము తక్కువగా నుండును. ఒక మిల్లీబారు పీడనము తగ్గినచో నీటిమట్టము సుమారు ఒక సెంటీమీటరు పొంగును. 70 మిల్లీబారులు తగ్గినను పొంగు ముప్పాతిక మీటరునకు మించదు. అసలు బలము గాలిది. గంటల తరబడి ఒకే దిక్కుగా వీచు పెనుగాలి నీటిని తీరమువైపునకు నెట్టును. సముద్రము లోతుగా నున్నచో ఆ నీరు అడుగునుండి వెనుకకు పోవును. లోతు తక్కువైనచో పోవుటకు దారి లేక గోడవలె పైకి లేచును. ఆ సమయమునకు పోటు కూడ వచ్చినచో ఆ ఎత్తు ఇంకను పెరుగును.

భూమధ్యరేఖకు ఉత్తరమున తుఫాను గాలి గడియారపు ముల్లునకు ఎదురుదిశలో తిరుగును. కావున తుఫాను నడచు దారికి కుడిప్రక్కన గాలి సముద్రమునుండి నేలపైకి వీచును. ఎడమప్రక్కన నేలనుండి సముద్రముపైకి వీచును. తీరము దాటిన చోటికి ఎడమన ఉన్న ఊరు గాలివానతో బయటపడగా, కుడిన ఉన్న ఊరు ఉప్పెన పాలగుట ఇందువలననే.

ఒకే తీరమున స్థలభేదము ఎంత పనిచేయునో విశాఖపట్నమును చూచిన తెలియును. అచ్చట సముద్రము త్వరగా లోతగును, ఒడ్డున కొండలు కలవు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను నగరము మీదుగానే తీరము దాటినను నీరు లేచినది సుమారు 1.4 మీటర్లు. నగరమునకు నష్టము చేసినది ముఖ్యముగా గాలి.

దివిసీమ : 1977

1977 నవంబరు 19న తుఫాను చీరాల సమీపమున తీరము దాటినది. కృష్ణ రెండు పాయల నడుమ సముద్రములోనికి చొచ్చుకొనియున్న దివిసీమ దాని కుడిప్రక్కన పడినది. అచ్చట సముద్రము లోతు తక్కువ, నేల పల్లము. సుమారు 5 మీటర్ల ఉప్పెన సాయంకాలము వచ్చి పది కిలోమీటర్లకు పైగా లోపలికి పారినది. సొర్లగొంది, పాలకాయతిప్ప, హంసలదీవి మొదలగు ఊళ్లు తుడిచిపెట్టుకొనిపోయినవి. ప్రభుత్వ లెక్క ప్రకారమే మృతులు సుమారు 10,000. చెట్లను కరచుకొనియు, పక్కా మేడలపైకి ఎక్కియు ప్రాణములు దక్కించుకొన్నవారు కొందరు.

1864 నుండి 1977 వరకు 113 సంవత్సరములు. అనగా నాలుగు తరములు. బందరు ఉప్పెనను కన్నులార చూచినవారి మనుమలు సైతము అప్పటికి వృద్ధులు. తాత చెప్పిన సంగతి మనుమనికి కథగా మిగులును. మునిమనుమనికి అదియు మిగులదు. తరచుగా వచ్చు వరదను జనము మరువరు; గట్టు ఎత్తుచేసికొందురు. శతాబ్దికి ఒకమారు వచ్చు ఉప్పెనను మరతురు. కావున నివాసస్థల నిర్ణయమును జ్ఞాపకమునకు వదలిపెట్టుట క్షేమము కాదని దివిసీమ తెలిపినది. కొలతలు, పటములు, కట్టడములు, నియమములు జ్ఞాపకము చేయవలసిన పనిని చేయవలెను.

ఆ పని కొంతవరకు జరిగినది. తీరము పొడవున తుఫాను రక్షణ భవనములు లేచినవి. మచిలీపట్నమున తుఫానులను కనిపెట్టు రాడారు వెలసినది. ఇన్సాట్ ఉపగ్రహముల ద్వారా హెచ్చరికలను తీరగ్రామములకు చేర్చు ఏర్పాటు జరిగినది. 1990 మే 9న దాదాపు అంతే తీవ్రమైన తుఫాను కృష్ణా డెల్టాను తాకినపుడు లక్షలాది ప్రజలను ముందుగానే తరలించిరి. మరణములు వెయ్యికి లోపుననే ఆగినవి. నేల అదియే, సముద్రము అదియే. జనము దివిసీమను విడిచిపోలేదు. ఉప్పెన వచ్చు పూట మాత్రము పల్లములో లేరు. పదివేలకును వెయ్యికిని గల భేదము ముఖ్యముగా దీనివలన వచ్చినదే.

అయినను ఈ రక్షణ సంపూర్ణము కాదు. 1996 నవంబరు 6న కోనసీమను కొట్టిన తుఫానులో భైరవపాలెము, బలుసుతిప్ప ప్రాంతముల జాలరులు పెక్కుమంది వేటకు వెళ్లి సముద్రముననే చిక్కుకొని మరణించిరి. ఒడ్డున ఎంత గట్టి భవనమున్నను నడిసంద్రమున ఉన్నవానికి వార్త అందనిచో ఫలము లేదు.

సముద్రమునకు దూరమైన చాలునా?

తీరమును విడిచి లోపలికి పోయినచో భయము లేదను అభిప్రాయము కూడ సరికాదు. 1908 సెప్టెంబరు 28న మూసీ వరద హైదరాబాదులో సుమారు 15,000 మందిని బలిగొన్నది. ఆ తరువాత మోక్షగుండం విశ్వేశ్వరయ్య సలహాపై ఎగువన ఉస్మాన్ సాగరు 1920లోను, హిమాయత్ సాగరు 1927లోను పూర్తి అయినవి. తుంగభద్ర, హంద్రి కలియుచోట నున్న కర్నూలు పట్టణము 2009 అక్టోబరు ఆరంభమున మునిగినది. 2024 సెప్టెంబరు ఆరంభమున బుడమేరు పొంగి విజయవాడలో సింగ్‌నగరు మొదలైన పేటలను రోజుల తరబడి నీటిలో ఉంచినది. ఈ మూడుచోట్లను చేటు తెచ్చినది సముద్రము కాదు. నీరు నడచు దారిలో ఇండ్లుండుటయే. ఏరు ఏడాదిలో పదకొండు నెలలు వాడని స్థలము కూడ ఏటిదే.

మారుచున్న తీరము

ఇంతవరకు చెప్పినదంతయు, నేలయు సముద్రమట్టమును స్థిరముగా నున్నవను లెక్కపై చెప్పినది. ఇప్పుడు ఆ రెండును స్థిరముగా లేవు. 1901 నుండి 2018 వరకు ప్రపంచ సముద్రమట్టము సగటున సుమారు 20 సెంటీమీటర్లు పెరిగినది. 2006 తరువాతి పండ్రెండేండ్లలో ఏటికి 3.7 మిల్లీమీటర్ల చొప్పున హెచ్చినది. వినుటకు ఇది స్వల్పమే. కాని సముద్రమునకు ఒక మీటరు ఎత్తునగల పొలములో ఒక అడుగు పెరుగుదల ఎంత దూరము పారునో ఉపాధ్యాయులు నల్లబల్లపై బొమ్మ గీసి చూపవచ్చును. వాలు తక్కువైన కొలది నీరు ప్రాకు దూరము ఎక్కువ. వేడెక్కిన సముద్రము తుఫానుకు అధికశక్తి నిచ్చును. తుఫానుల సంఖ్య పెరుగకున్నను, వానిలో తీవ్రమైనవాని పాలు పెరుగుచున్నదని శాస్త్రజ్ఞుల నిర్ణయము.

మరొక సంగతి కలదు. డెల్టా బ్రతుకునది ఒండ్రుతో. నదులపై జలాశయములు కట్టుటచే ఒండ్రు ఎగువననే నిలిచిపోవుచున్నది. ఆంధ్ర విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞులు 1965 నాటి పటములను 2008 నాటి ఉపగ్రహ చిత్రములతో పోల్చిచూచిరి. 336 కిలోమీటర్ల పొడవుగల కృష్ణా గోదావరి డెల్టా తీరమున, కొన్నిచోట్ల నేల పెరిగినను, మొత్తముపై సుమారు 76 చదరపు కిలోమీటర్లు సముద్రము పాలైనది. కాకినాడ సమీపమున ఉప్పాడవాసులు ఈ కోతను ఏటేట కన్నులార చూచుచున్నారు. పంటకు నీరిచ్చిన కట్టడములే తీరమునకు మన్ను రాకుండ చేయుట ఇందలి చిక్కు. కట్టలను కూల్చుట ఎవరును కోరరు. కాని వాని మూల్యము తీరమున ఎవరు చెల్లించుచున్నారో తెలిసియుండవలెను.

మడ అడవులు ఈ కోతను కొంతవరకు ఆపును. వాని వ్రేళ్లు మన్నును పట్టియుంచును. కొమ్మలు అలల వేగమును తగ్గించును. 1999 నాటి ఒడిశా మహాతుఫానులో కేంద్రపడ జిల్లాయందు మడ అడవుల వెనుకనున్న గ్రామములలో మరణములు తక్కువగా నుండెనని పరిశీలనలో తేలినది. కోరంగి రేవు పోయినచోట మిగిలిన మడ అడవిని 1978లో అభయారణ్యముగా ప్రకటించిరి. అయిదు మీటర్ల ఉప్పెనను అడవి పూర్తిగా ఆపలేదు. అది ఇచ్చునది కొంత సమయము, కొంత తగ్గుదల మాత్రమే.

ఎక్కడ నివసింపవలెను?

1991లో కేంద్రప్రభుత్వము తీరప్రాంత నియమములను ప్రకటించి, పోటురేఖనుండి 500 మీటర్ల లోపల కట్టడములను నియంత్రించినది. ఆ నియమములు 2011లోను, 2019లోను మారినవి. అయితే 1977లో నీరు పది కిలోమీటర్లు వచ్చినది. ఎడము ఒక్కటే రక్షణ కాదని ఈ రెండు సంఖ్యలను ప్రక్కప్రక్కన పెట్టిన తెలియును. తీరమున బ్రతుకు జాలరిని పది కిలోమీటర్ల అవతల ఉండుమనుట అతని వేటను మానుమనుటయే. రైతునకును అంతే. పూర్తిగా నిర్భయమైన స్థలమును వెదకుటకంటె, ఉన్న స్థలమును గూర్చి సరియైన ప్రశ్నలు వేయుట ఉపయోగకరము.

ఇల్లు కట్టు స్థలము సముద్రమట్టమునకు ఎన్ని మీటర్ల ఎత్తున ఉన్నది? గత నూరేండ్లలో నీరు అచ్చట ఎంతవరకు వచ్చినది? వచ్చిన నీరు పోవుటకు దారి ఉన్నదా, లేక రోడ్డు కట్టయో, క్రొత్త పేటయో ఆ దారిని మూసినదా? చీకటిలో, గాలివానలో, పిల్లలను, ముసలివారిని వెంటబెట్టుకొని నడచిపోగల దూరమున గట్టి మేడ కలదా? పశువులను ఎక్కడ ఉంచవలెను? దివిసీమలోను, మూసీ ఒడ్డునను ప్రాణములు పోయినది ఈ ప్రశ్నలకు జవాబు లేనిచోటనే.

ఈ జవాబులలో కొన్ని ప్రభుత్వ కార్యాలయములలో దొరకును. కొన్ని ఊరి పెద్దలవద్ద మాత్రమే కలవు. 1977 నాటి నీరు ఏ చెట్టువరకు, ఏ గుడి మెట్టువరకు వచ్చెనో చెప్పగలవారు ఇంకను ఉన్నారు. ఆనాడు పదేండ్ల బాలుడు నేడు సుమారు అరువదేండ్ల పెద్ద. తీరగ్రామముల పాఠశాలలలోని విద్యార్థులు అట్టివారిని కలిసి, ఆ నీటిమట్టములను మీటర్లలో కొలిచి, పటముపై గుర్తించి, బడి గోడమీద రంగుగీతగా గీయుట కష్టమైన పని కాదు. 1864 నాటి నీటికి అట్టి గీత దివిసీమలో ఇంటింటి గోడమీద ఉండియున్నచో 1977 సాయంకాలమున ఎందరు మేడలవైపునకు ముందుగా నడచియుండెడివారో పాఠకులే ఆలోచింపవలెను.